ఉండవచ్చు అని చదివాను

నా మొదటి ఉద్యోగం సముద్రానికి దగ్గరలోని ఊళ్ళో వచ్చింది. భావనపాడుకి నాలుగు మైళ్ళ ఇవతల, ఒక పక్క ఉప్పు మళ్ళు, ఇంకో పక్క జీడితోటలు ఉన్న ఊరు. అరవైల చివరి సంవత్సరాలు. బి.ఇడి. పాసై, ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం పట్టుకుని విజయనగరం నుంచి వచ్చి అక్కడ దిగాను. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. హెడ్మాస్టరు లెక్కలాయన. ఇంగ్లీషంటే ఆయనకు భయం, అందువల్ల నేనంటే కాస్త గౌరవం.

ఊళ్ళోకి ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. మిలటరీలో ఉన్న కొడుకు గురించి వచ్చిన కాగితం, మందుసీసా మీది చీటీ, టెలిగ్రాం. టెలిగ్రాం చూడగానే ఆడవాళ్ళు ముందే ఏడుపు మొదలుపెట్టేవారు. నేను చదివి, కుర్రాడు సెలవు మీద వస్తున్నాడట అంటే అదే కళ్ళతో నవ్వేవారు. ఆ గౌరవం నాకు బాగా నచ్చింది. అది దాచను.

ఒక రైతు ఇంటి ముందుగది అద్దెకు దొరికింది. ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. వరి, వేరుశెనగ పండించేవాడు. మాట మొరటు, మనిషి మంచివాడు. నేను దిగిన రోజునే చెప్పాడు, "వెనకాల వసారాలో మా తమ్ముడి పెళ్ళాం, దాని గుంటా ఉంతారు మేస్టారూ. రంగం నుంచి వచ్చీసినారు. తమ్ముడింకా రానేదు." గుంట అంటే ఆడపిల్ల, రంగం అంటే రంగూన్. మా వైపు పెద్దవాళ్ళందరూ అలాగే అనేవారు. ప్రతి నాలుగో ఇంటినుంచీ ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళినవారే.

ఆ తమ్ముడు పద్దెనిమిదో ఏట ఓడెక్కి వెళ్ళి, బియ్యం మిల్లులో మూటలు మోసి, చివరికి మేస్త్రీ అయ్యాడట. మధ్యలో ఒకసారి వచ్చి పెళ్ళి చేసుకుని ఆమెను తీసుకెళ్ళాడు. కూతురు అక్కడే పుట్టింది. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం మిల్లులూ దుకాణాలూ తనే తీసేసుకుని, మనవాళ్ళను వెళ్ళిపొమ్మంది. భార్యకూ బిడ్డకూ కాగితాలు ముందు వచ్చాయి. మిల్లు అప్పగించే పని పూర్తి కాలేదని అతనికి ఇవ్వలేదు. "మీరెల్లండి, ఎనకాలే ఓడకి వత్తాను" అని వాళ్ళిద్దరినీ విశాఖపట్నం ఓడ ఎక్కించాడు. అప్పటికి ఆరు నెలలైంది.

ఆమెకు ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. ఊళ్ళో ఆడవాళ్ళ కంటే నెమ్మదిగా మాట్లాడేది, గట్టిగా నడిచేది. కూతురికి పదమూడేళ్ళు. ఉదయం పూట ఏదో చెక్క అరగదీసి, ఆ పసుపుపచ్చ గంధాన్ని చెంపలకు గుండ్రంగా పూసుకుని వాకిట్లోకి వచ్చేది. ఊరి పిల్లలు నవ్వేవారు. నెల తిరిగేసరికి మానేసింది.

మొదటి ఉత్తరం నేను వెళ్ళిన నెలలోనే వచ్చింది. తెలుగులో రాస్తే అక్కడ సెన్సారువాళ్ళు ఆపేస్తారని, మిల్లు ఆఫీసులో పనిచేసే ఒక తెలుగు గుమస్తా చేత ఇంగ్లీషులో రాయించాడు. అతను చెబుతుంటే గుమస్తా రాసుకున్నాడన్నమాట. ఆమె కవరు విప్పకుండా రెండు చేతులతో పట్టుకొచ్చింది.

"మేస్టరు బాబూ, ఒక్కసారి సూడు. ఏటి రాసినాడో."

చదివాను. తను బాగానే ఉన్నాడు. సముద్రం వైపు నూతిలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పిల్లకి పట్టొద్దు. పిల్లను బడికి పంపవచ్చు. వచ్చే ఓడకు తను రావచ్చు. ఇంగ్లీషులో రెండు చోట్లా 'మే' అనే ఉంది. 'ద గర్ల్ మే బి సెంట్ టు స్కూల్.' 'ఐ మే కమ్ బై ద నెక్స్ట్ షిప్.' నేను తెలుగులోకి మార్చి చెప్పాను.

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "రావొచ్చు అంటే ఏటి బాబూ? ఆల్లు రానిచ్చినారనా, ఈయన వత్తాడనా?"

నాకు ముచ్చటేసింది. మా ట్రైనింగు కాలేజీలో లెక్చరరు గంటసేపు చెప్పిన సంగతిని ఈమె ఒక్క ప్రశ్నలో అడిగేసింది. 'మే'కి రెండర్థాలమ్మా, అనుమతి ఒకటి, అవకాశం ఒకటి అని మొదలుపెట్టాను. బడికి పంపవచ్చు అన్నది అనుమతి. రావచ్చు అన్నది అవకాశం. వస్తాడేమో అని.

"ఏమోనా?" అంది. "అయితే రాకపోనూ వచ్చు."

"అవునమ్మా."

"ఈ ఇంగిలీసోలు ఏదీ తెగేసి సెప్పరేటి?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మర్నాడు పొద్దున్న కూతురికి నూనె రాసి జడ వేసి, స్వయంగా బడికి తీసుకొచ్చింది. "ఆల నాన్న పంపమన్నాడు" అని హెడ్మాస్టరుతో చెప్పింది. వయసును బట్టి ఎనిమిదో తరగతిలో కూర్చోబెట్టాం.

ఆ పిల్లకు తెలుగు రాయడం రాదు, ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, బర్మా భాష ధారాళంగా వచ్చు. నాలుగు నెలల్లో అందరినీ దాటేసింది. బడి వదిలాక నా గది గుమ్మంలో కూర్చుని పలక మీద వాక్యాలు రాసి చూపించేది. నేను చెప్పినది ఒకసారి వింటే చాలు. అలాంటి విద్యార్థి నాకు తరువాత ముప్ఫై ఏళ్ళలో మరో ఇద్దరు దొరికారేమో.

రెండో ఉత్తరం దసరా తరువాత వచ్చింది. ఈసారి గుమస్తా సొంతంగా రాశాడు. ఓడ వచ్చి వెళ్ళిందనీ, మీ ఆయన పేరు పట్టికలో లేదనీ, మనిషి కొన్ని వారాలుగా కనబడలేదనీ, పని వెతుక్కుంటూ మౌల్మీన్ వెళ్ళి ఉండవచ్చుననీ. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఎల్లుండొచ్చు" అని ఆమె తనలో తను రెండుసార్లు అనుకుంది. ఆ మాట ఆమెకు అలవాటైపోయింది. నూతి దగ్గర ఎవరైనా అడిగితే, "మౌల్మీన్ ఎల్లుండొచ్చంట. పనయ్యాక వచ్చీవొచ్చు" అనేది. రథసప్తమికి కూతుర్ని తీసుకుని అరసవల్లి వెళ్ళి మొక్కుకుని వచ్చింది.

రెండో ఉత్తరం తరువాత నాలుగు నెలలు ఏమీ రాలేదు.

మూడో ఉత్తరం ఎండాకాలం ముందు వచ్చింది. మధ్యాహ్నం బడి నుంచి త్వరగా వచ్చాను. ఆమె పెరట్లో కూర్చుని వేరుశెనగకాయలు ఒలుస్తోంది. పోస్టుమేన్ ఇచ్చి వెళ్ళిన కవరు పక్కన చాట కింద పెట్టుకుంది, గాలికి ఎగిరిపోకుండా. నన్ను చూసి లేచి, చెయ్యి చీరకు తుడుచుకుని ఇచ్చింది. కూతురు మంచినీళ్ళకు వెళ్ళింది. ఇంటాయన పొలంలో ఉన్నాడు.

గుమస్తా రెండు పేజీలు రాశాడు. మీ ఆయన జబ్బుతో రంగూన్ తిరిగి వచ్చాడు. వాంతులూ విరేచనాలూ. నేనే ఆస్పత్రిలో చేర్పించాను. ఆ రోజుల్లో అక్కడ మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టారు. తరువాత నాకూ అదే జబ్బు చేసింది. పది రోజులకు లేచి వెళ్ళి చూస్తే ఆ చోట వేరే మనిషి ఉన్నాడు. ఆ వారం రోగుల పేర్లు రాసిన పుస్తకాలు దొరకడం లేదన్నారు. అతని చొక్కా, చెప్పులు మూలన పోగులో ఉన్నాయి, గుర్తుపట్టాను. 'హి మస్ట్ హేవ్ డైడ్ ఇన్ ద హాస్పిటల్.' నేను కూడా ఈ ఓడకే బయలుదేరుతున్నాను. ఇక్కడికి ఉత్తరాలు రాయవద్దు.

నేను చదువుతున్నంతసేపూ ఆమె నా ముఖమే చూస్తోంది.

"పెద్ద ఉత్తరమే రాసినాడు. ఏటంటన్నాడు బాబూ?"

ఇంత కాలానికి కూడా ఆ క్షణంలో నా బుర్రలో నడిచింది నాకు గుర్తుంది. చనిపోయాడు అని రాయలేదు కదా అనుకున్నాను. 'మస్ట్ హేవ్' అంటే చూసినవాడు చెప్పే మాట కాదు, ఆనవాళ్ళు చూసి ఊహించినవాడు చెప్పే మాట. 'మే' కూడా ఊహే. రెండూ ఊహలే అయినప్పుడు... అలా అనుకున్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఒకటి తలుపు తీసి ఉంచుతుంది, రెండోది మూసేస్తుంది. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు నేను చెప్పవలసిన పాఠం. కానీ ఆ పెరట్లో ఆమె ముందు నిలబడి, ఆ మాట నా నోటితో పలకలేకపోయాను. జాలి అని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నాను. జాలి ఉంది. పిరికితనం అంతకంటే ఎక్కువ ఉంది.

"జబ్బు చేసి ఆస్పత్రిలో చేరాడటమ్మా," అన్నాను.

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "తరవాత?"

"తరువాత ఈయన వెళ్ళి చూస్తే అక్కడ లేడట. పుస్తకాలు దొరకలేదట. ఎక్కడికైనా వెళ్ళి ఉండవచ్చు."

"నయమైపోయుంతాది," అంది వెంటనే. "నయం కాకపోతే ఎలా ఎల్తాడు?"

నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. చెప్పుల సంగతి చెప్పలేదు. ఆమె ఉత్తరం తీసుకుని, మిగతా రెండింటితో కలిపి పెట్టెలో దాచింది. సాయంత్రం కూతురు నీళ్ళబిందె దించగానే, "నాన్నకి ఒంట్లో నయమైందంట" అని చెప్పడం నా గదిలోకి వినబడింది.

రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఎండాకాలం సెలవుల్లో కలిసిపోయింది.

సెలవులయ్యాక నేను తిరిగొచ్చేసరికి ఇంట్లో గొడవ నడుస్తోంది. రంగూన్ నుంచి వచ్చేసినవాళ్ళకు శ్రీకాకుళం దగ్గర ఇళ్ళస్థలాలు ఇస్తున్నారు. పక్కనే నేత కేంద్రం, అందులో ఆడవాళ్ళకు పని. పిల్లకు అక్కడే పెద్ద బడి. ఇంటాయన తాలూకా అంతా తిరిగి ఫారం తెచ్చాడు. ఆ ఫారంలో ఒక గడి ఉంది, భర్త ఉన్నాడా, లేడా అని. లేడంటే ముందు ఇస్తారు. ఉన్నాడంటే అతను వచ్చి సంతకం పెట్టాలి.

"నాను రాయించను," అంది ఆమె. "ఉన్నోణ్ణి నేడని రాయించమంతావా బావా? ఆయన కాడున్న అడ్రసు ఈ ఇంటిది. నాను ఇక్కడ నేకపోతే ఎక్కడని ఎతుకుతాడు?"

ఆయన నన్ను పక్కకి పిలిచాడు. జీడిచెట్ల దగ్గర నిలబడి అడిగాడు. "మేస్టారూ, మీరు సదివినారు కదా. ఉన్న మాట సెప్పండి. మా వోడు ఉన్నాడా, పోనాడా? పోతే పోనాడని సెప్పీయండి. నాను ఏడిసి ఊరుకుంతాను. ఈల బతుకైనా ఓ దారికి వత్తాది."

అంత సూటిగా అడిగాడు. అంతకంటే మంచి అవకాశం నాకు ఎవరిస్తారు? నేను ఏమన్నానంటే, "రికార్డు లేదండీ. ఖాయంగా చెప్పలేం."

ఆ మాట నిజమే. నిజమైన మాటలతోనే నేను ఆ పని చేశాను.

ఆయన ఫారం మడిచి నడుముకి చెక్కుకుని వెళ్ళిపోయాడు. గడువు దాటిపోయింది.

ఆ సంవత్సరం ఆ పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చింది. పుస్తకంలో ఆరో పాఠం చివర ఈ క్రియల గురించే ఉంది. కెన్, కుడ్, మే, మైట్, మస్ట్. కెన్ చెప్పాను, మే చెప్పాను. మస్ట్ అంటే 'తప్పక చెయ్యాలి' అని మాత్రం చెప్పి, 'మస్ట్ హేవ్' ఉన్న పేజీ తిప్పేశాను. "ఇది పరీక్షకి రాదు" అన్నాను. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్న ఆ పిల్ల నా వైపు చూసి, మళ్ళీ పుస్తకంలోకి చూసుకుంది. మామూలుగా అయితే అడిగేది, ఎందుకు వదిలేశారని. ఆ రోజు అడగలేదు.

చలికాలంలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. స్థూలకాయుడు, మెత్తగా మాట్లాడే మనిషి, ఇంగ్లీషు మీద ప్రేమ ఉన్నవాడు. మా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పుస్తకం తిరగేసి, నేను వదిలేసిన పేజీ దగ్గరే ఆగాడు.

"దీని మీద గుర్తులేమీ లేవే? చెప్పలేదా?"

"చెప్పాలి సార్."

"అయితే ఇప్పుడు చెప్పండి. వింటాను."

నాకు వేరే దారి లేదు. నల్లబల్ల మీద రాశాను. 'ఇట్ మస్ట్ హేవ్ రెయిన్డ్.' వాన పడడం మనం చూడలేదు. కానీ నేల తడిసి ఉంది, చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అందుచేత వాన పడే ఉండాలి. పడి ఉండవచ్చు కాదు, పడే ఉండాలి. ఇంకో మాటకు చోటు లేదు. అలా చెబుతున్నంతసేపూ నేను కిటికీ వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టరుకు నచ్చింది. "బాగుంది. పిల్లలూ, మీరు సొంతంగా ఒక్కో వాక్యం చెప్పండి."

ఒకడు లేచి, అతనికి బస్సు తప్పిపోయే ఉండాలి అన్న వాక్యం చెప్పాడు. ఇంకొకడు, పిల్లి పాలు తాగే ఉండాలి అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరువాత ఆ పిల్ల లేచింది.

"హి మస్ట్ హేవ్ డైడ్ ఇన్ ద హాస్పిటల్," అంది.

ఒక్క అక్షరం తడబడలేదు. ఆ ఉత్తరం పెట్టెలోంచి తీసి ఎన్నిసార్లు చూసుకుందో. అర్థం తెలియని ఆ వాక్యాన్ని ఎన్ని నెలలు మనసులో మోసిందో నాకు తెలియదు.

"వెరీ గుడ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మంచి వాక్యం. దీనికి తెలుగు?"

"నాకు తెల్దు సార్. మేస్టరు సెప్పాలి," అంది. నిలబడే ఉంది.

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, చెప్పండి అన్నట్టు తల ఊపాడు. నలభై మంది పిల్లలు చూస్తున్నారు. పెరట్లో చెప్పలేకపోయిన మాటను తరగతిలో, సుద్ద అంటిన చేతులతో చెప్పాను.

"అతను ఆస్పత్రిలో చనిపోయే ఉండాలి."

"ఉండొచ్చు కాదా మేస్టారూ?"

"కాదమ్మా."

ఆ పిల్ల కూర్చుంది. ఏడవలేదు. పుస్తకంలో ఆ పేజీ మూల మడిచి పెట్టుకుంది. గంట కొట్టేదాకా తల ఎత్తలేదు. పిల్లల స్పందన చాలా బాగున్నదని ఇన్‌స్పెక్టరు తన నివేదికలో రాశాడు. హెడ్మాస్టరు సంతోషంతో నా భుజం తట్టాడు.

సాయంత్రం ఉప్పుమళ్ళ గట్టు మీద నా కోసం నిలబడి ఉంది. "అమ్మకి మీరే సెప్పండి మేస్టారూ. మీరు సదివినారు కాబట్టి మీరే సెప్పాలి. నాను సెప్పను."

అలాగేనన్నాను. ఇద్దరం కలిసే ఇంటికి వెళ్ళాం. ఆమె పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి లేచి వచ్చింది. ఉత్తరం తెమ్మన్నాను. చదివి, ఈసారి ఒక్కో వాక్యం అలాగే చెప్పాను. నేల మీద పడుకోబెట్టడం, మూలన చొక్కా, చెప్పులు, చనిపోయే ఉండాలన్న మాట. అప్పుడు తప్పు చదివాను, క్షమించమ్మా అన్నాను.

ఆమె అరుస్తుందనుకున్నాను, కూలబడుతుందనుకున్నాను. అదేమీ జరగలేదు. నా చేతిలోని కాగితాన్ని వింతగా చూసింది.

"కాయితం అదేనా?"

"అదేనమ్మా."

"మొన్న ఎల్లుండొచ్చునన్నావు. ఇప్పుడు సచ్చిపోనాడంటన్నావు. కాయితం అదే, అచ్చరాలు అయ్యే. మాట ఎలా మారిపోనాది?"

"నేనే మార్చానమ్మా. అప్పుడు చెప్పలేకపోయాను."

"ఇప్పుడు మారుస్తన్నావో, అప్పుడు మార్చినావో నాకెలా తెలస్తాది?"

ఆమె లోపలికి వెళ్ళి పెట్టెలోంచి మొదటి ఉత్తరం కూడా తెచ్చింది. భర్త స్వయంగా చెప్పి రాయించినది, అది ఒక్కటే.

"మరి ఇదీ? ఉప్పునీల్ల నూతి మాట ఆయన సెప్పినాడా, నువ్వు కలిపినావా?"

"అది అతని మాటేనమ్మా. ఒట్టు."

"పిల్లని బడికి పంపమన్నది?"

"అదీ అతని మాటే."

"నీకు బడిలో పిల్లలు కావాల కదా," అంది. కోపంగా కాదు. లెక్క చూసుకుంటున్నట్టు అంది. కూతురు ముందుకొచ్చింది. ఆ ఉత్తరం అందుకుని, వేలు పెట్టి చూపిస్తూ చదివింది. "నిజమేనమ్మా. ఇక్కడ అలాగే ఉన్నాది. నాను సదవగల్ను కదా."

ఆమె కూతురి ముఖంలోకి చూసింది. "నీకు సదువు సెప్పినోడు ఎవుడే? ఈయన కాదా?"

అంతే. ఆ పిల్ల ఉత్తరం నా చేతిలో పెట్టేసి వెనక్కి జరిగింది.

హెడ్మాస్టరును తీసుకొస్తానన్నాను. పోస్టుమాస్టరు చేత చదివిస్తానన్నాను. "మీరంతా ఒకటే బాబూ. ఒకలు సెప్పిందే ఇంకొకలు సెప్తారు," అంది. రెండు ఉత్తరాలూ నా చేతిలోంచి తీసుకుంది. ఆ ఇంట్లో ఆమెకు భర్త మాట అంటూ మిగిలింది ఆ ఒక్క కాగితమే. దాన్ని కూడా నేను పాడుచేశాను. మూడో ఉత్తరం గురించి చెప్పిన అబద్ధం మొదటి ఉత్తరంలోని నిజాన్ని తినేసింది.

ఇంటాయన మాత్రం నమ్మాడు. పొలం నుంచి వచ్చి విని, కండువా నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అరుగు మీద కూర్చుండిపోయాడు. తరువాత నా వైపు చూడకుండా అన్నాడు, "ఎండల్లో అడిగినాను కదా మేస్టారూ." ఆ ఒక్క మాటే. మూడో రోజున భావనపాడు తీరానికి వెళ్ళి, సముద్రంలో మునిగి, తమ్ముడికి చెయ్యవలసింది చేసి వచ్చాడు. ఆమె వెళ్ళలేదు. ఆ రోజు కూడా పసుపు రాసుకుని, గాజులు వేసుకుని పెరట్లో పని చేసుకుంది. పొరుగు ఆడవాళ్ళు వచ్చి చెప్పి చూశారు. ఆమె చీపురు ఆపలేదు. కొన్నాళ్ళకు వాళ్ళు ఆమెను శుభకార్యాలకూ పిలవడం మానేశారు, పలకరించడమూ మానేశారు. ఆమె భర్త ఉన్న మనిషో లేని మనిషో ఊరికి తేలలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఆ పిల్ల బడికి రాలేదు. వసారా దగ్గరికి వెళ్ళి అడిగాను.

"సదువు ఆయన మాట అనుకున్నాను," అంది తల్లి. "అందుకే పంపినాను. నీ మాటైతే నాకక్కర నేదు."

పిల్ల తలుపు వెనకాలే ఉందని తెలుసు. బయటికి రాలేదు. నేను ఇల్లు మారాను. ఊరవతల ఇంకో గదిలో చేరాను.

వాళ్ళిద్దరూ ఉప్పుమళ్ళలో పనికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఉప్పు గీకి, తట్టల్లో నింపి, గట్టు మీద కుప్ప పోయాలి. కాళ్ళ పగుళ్ళలోకి ఉప్పు దిగుతుంది. నేను బడికి వెళ్ళే దారి ఆ గట్టు పక్కనుంచే. కొన్నాళ్ళు చుట్టూ తిరిగి జీడితోటల్లోంచి వెళ్ళాను. నేత కేంద్రం వాళ్ళకు ఇంగ్లీషులో అర్జీలు రాశాను, ఆమెకు చెప్పకుండానే. ఆలస్యమైనా దయచేసి పరిశీలించగలరని. పేజీ నిండా ఆ మాటలే. పట్టిక ముగిసిందని ఒకే ఒక్క జవాబు వచ్చింది. అందులో ఏ సందేహానికీ తావు లేదు.

మరుసటి ఏడాది రాజాం బదిలీ చేయించుకున్నాను. వెళ్ళేముందు ఇంటాయనకు చెప్పడానికి వెళ్ళాను. "మంచిది మేస్టారూ," అన్నాడు. కూర్చోమనలేదు.

రాజాంలో పెద్ద బడి, తెలివైన పిల్లలు. ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పవలసి వచ్చేది. చెప్పేవాణ్ణి. వాన ఉదాహరణ మాత్రం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. పిల్లలను సొంత వాక్యాలు అడగలేదు. పుస్తకంలో ఉన్నవే రాయించి, తరువాతి పాఠంలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఇంగ్లీషు బాగా చెబుతానన్న పేరు నాకు అప్పటినుంచీ లేదు. ఉంచుకోవాలన్న కోరిక కూడా పోయింది.

ఐదేళ్ళ తరువాత పరీక్షల డ్యూటీ మీద అటు వెళ్ళి, తిరిగి వస్తూ నౌపడా స్టేషన్లో రైలు కోసం నిలబడ్డాను. ప్లాట్‌ఫారం చివర ఉప్పు బస్తాలు, వాటి దగ్గర పది మంది ఆడవాళ్ళు. వాళ్ళలోంచి ఒకామె నన్నే చూస్తోంది. ముందు గుర్తుపట్టలేదు, ఆ పిల్లే. ఎండకు నల్లబడి, ఎముకలు తేలి, ముప్ఫై ఏళ్ళ మనిషిలా ఉంది. లెక్క ప్రకారం ఇరవై ఒకటి దాటి ఉండవు. నేనే దగ్గరికి వెళ్ళాను.

"బాగున్నావా?"

"ఆఁ మేస్టారూ."

"అమ్మ?"

"పోనాది. పోయిన ఎండల్లో. జొరమొచ్చింది."

ఆమే మళ్ళీ అంది, "ఆకరి దాకా నమ్మనేదు. పోస్టుమేను ఎల్తంటే నిలబడి సూసీది."

ఏదైనా చదువుకుంటున్నావా అని అడిగాను. ఎంత బుద్ధిలేని ప్రశ్నో నోరు జారాక తెలిసింది. ఆమె చేతులు చూసుకుంది. అరచేతుల నిండా ఉప్పు కోసిన గీతలు.

"ఏటి సదవమంతారు?" అంది. అడిగినట్టూ లేదు, నిష్ఠూరంగానూ లేదు.

నా మీద నీకు కోపం ఉందా అని అడగాలనుకున్నాను. అడిగితే లేదంటుంది. ఆ మాట విని నేను తేలిగ్గా రైలెక్కేస్తాను. ఆ తేలిక కోసమే అడగబోతున్నానని తెలిసి ఊరుకున్నాను. రైలొచ్చింది. బస్తాలు ఎక్కించడానికి మేస్త్రీ కేకేశాడు. ఆమె తలకు గుడ్డ చుట్టుకుని వెళ్ళి, ఇంకో ఆమెతో కలిసి ఒక బస్తా రెండు చెవులూ పట్టుకుని లేపింది. నా పెట్టె దూరంగా ఉంది. పరుగెత్తి ఎక్కాను. కిటికీ దొరికేసరికి స్టేషను దాటిపోయింది.